చేతులకు నీళ్లు పోసిన మనిషి

మా ముత్తాత నారపరెడ్డి పేరు మీద మా ఊళ్లో వాననీళ్లు పారే ఒక వంక ఉంది. ఆ వంకకు అటూ ఇటూ ఉన్న చేలన్నీ ఒకప్పుడు ఆయనవే. మా తాత ఓబిరెడ్డి ముప్పయ్యేళ్లకు పైగా మునసబు చేశాడు. బత్తలపల్లె చుట్టుపక్కల ఏ పల్లెలో పంచాయతీ జరిగినా ఆయన వచ్చి కూర్చునేదాకా ఎవరూ నోరు తెరిచేవాళ్లు కాదు. మా నాయన వెంకటరామిరెడ్డి నాటికి ఆ పదవులే లేకుండా పోయాయి. అయినా ఆయన ఎదురొస్తే సైకిల్ దిగి నిలబడే అలవాటు మా ఊరి వాళ్లకు చాలాకాలం పోలేదు.

ఈ ముగ్గురిలో ఎవరూ దెయ్యాలను నమ్మలేదు. మా తాత శ్మశానం పక్క చేనికి తానే కాపలా పడుకునేవాడట. చనిపోయినవాళ్లు కనిపించారని ఎవరైనా చెప్తే మా నాయన సగం విని, "ఇంగ పనేమీ లేదా వాళ్లకు?" అని అడిగి లేచిపోయేవాడు. నేను అనంతపురంలో గణితం చదివాను. నేనూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. మా ఊరి పేరూ, ఇందులో వచ్చే బెంగుళూరు కంపెనీ పేరూ రాయను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల సంగతి ఇది. వరసగా కరువు. శెనక్కాయ వేసిన వాళ్లకు విత్తనం కూడా తిరిగి రాలేదు. అప్పటికే మా భూమి చాలావరకు పోయింది. మిగిలింది ఇల్లు. రెండడుగుల మందం రాతిగోడలు, పదహారు టేకు స్తంభాలు, పైన ఒక మిద్దె గది. నాయన చనిపోయి మూడేళ్లు. అమ్మ అంతకు ముందే పోయింది. నాకు పెళ్లి కాలేదు. వచ్చిన సంబంధాలు మా స్థాయికి తగవని మొదట నాయన తిప్పి పంపాడు, తర్వాత నేను తిప్పి పంపాను, ఆ తర్వాత రావడం మానేశాయి.

ఇంట్లో సగం మా అక్కది. అనంతపురంలో ఉంటుంది. ఇల్లు అమ్మేద్దామని ఆమె నాయన దినాలు అయినప్పటి నుంచీ అంటూనే ఉంది.

"మనుషుల కోసరం బతుకుతారు గానీ రాళ్ల కోసరం బతికేవాణ్ని నిన్నే చూస్తాండా లింగా," అంది ఒకసారి. నా పేరు రామలింగారెడ్డి. ఆ పేరును కురచ చేసి పిలిచే మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే.

చివరికి ఒక మాటకు వచ్చింది. వచ్చే ఉగాది దాకా చూస్తుంది. ఈలోగా మిద్దె కారకుండా బాగుచేయించి, ఇంటిని నిలబెట్టే దారి నేను చూపించగలిగితే ఆమె తన సగం అడగదు. చూపించలేకపోతే అమ్మకానికి సంతకం పెట్టాలి. నేను ఒప్పుకున్నాను. ఆ ఇల్లు లేకపోతే నారపరెడ్డి మునిమనవణ్నని నేను ఎక్కడ నిలబడి చెప్పుకోవాలో నాకు తెలియలేదు.

ఆ దారి బెంగుళూరు నుంచి వచ్చింది. అక్కడ ఒక చిన్న కంపెనీ పెట్టుకున్న అమ్మాయి లేపాక్షి చూడటానికి వచ్చి, తెలిసినవాళ్ల ద్వారా మా ఇంటికి వచ్చింది. తను నడిపేవి తొందర లేని యాత్రలట. వ్యాన్‌కు ఆరుగురే. పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరుగు. గుళ్లు చూసి ఫోటోలు తీసుకుని పరుగెత్తడం కాదు, ఆ ప్రాంతం వాళ్లు ఎట్లా బతుకుతారో కూర్చుని చూడటం. పొద్దున్నే లేపాక్షి, తర్వాత తోలుబొమ్మలు చేసేవాళ్ల ఇల్లు, ధర్మవరంలో మగ్గం, మధ్యాహ్నం ఒక పాత ఇంట్లో ఈ ప్రాంతం భోజనం. ఇంగ్లీషులో చెప్పేవాడు కావాలి. నేను చెప్పగలను.

ఒక్క షరతు పెట్టాను. ఆ ఇల్లు నాదని వచ్చినవాళ్లకు చెప్పకూడదు. నేను గైడును, అంతే. ఇల్లు ఎవరిదని అడిగితే, "ఒక పాత రెడ్డి కుటుంబానిది" అంటాను. అందులో అబద్ధం లేదు కదా అని సమాధానం చెప్పుకున్నాను.

వ్యాన్ డ్రైవర్ మస్తాన్ బత్తలపల్లె వాడే. బెంగుళూరులో బండి తోలుతున్నాడు. మా ఇల్లు వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. మొదటిసారి మా వాకిట్లో వ్యాన్ ఆపి, నేను అతిథులతో పాటు చెప్పులు విడుస్తుంటే వాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏమన్నా, నీ ఇంటికి నువ్వే చుట్టం మాదిరి వస్తాండావే! ఆకేసి పెట్టమంటావా యేంది?"

నేను చెప్పులు గోడ పక్కన పెట్టి లోపలికి నడిచాను.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. మా ఇంట్లో అన్నానికి కూర్చునే ముందు అతిథి చేతులకు ఇంటి పెద్ద స్వయంగా నీళ్లు పోయాలి. పెరట్లో అందుకోసం ఒక వెడల్పాటి రాతిబండ ఉంది. పనివాళ్లు పోయకూడదు, ఇంటి ఆడవాళ్లు పోయకూడదు. వచ్చినవాడు కలెక్టరైనా బైరాగి అయినా ఇంటి పెద్దే చెంబు పట్టుకుని నడుం వంచాలి. మా వంశంలో మగవాళ్లు నడుం వంచేది ఆ ఒక్క పనికేనని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

యాత్ర వాళ్లకు నేను ఆ పని చేయదలచుకోలేదు. డబ్బులిచ్చి తినేవాడు అతిథి కాడు. ముందరి అరుగు మీద ఒక బకెట్టు, ఒక మగ్గు, సబ్బు పెట్టించాను. స్తంభాల గురించి, గోడల గురించి నాలుగు మాటలు చెప్పి, వాళ్లు కూర్చోబోయే సమయానికి నేను మెట్లెక్కి మిద్దె గదిలోకి పోయేవాణ్ని. వాళ్ల భోజనాలయ్యేదాకా అక్కడే కూర్చునేవాణ్ని. కింద మా ఇంట్లో మనుషుల మాటలు, నవ్వులు వినపడేవి. నాయన చనిపోయాక ఆ ఇంట్లో అన్ని గొంతులు అప్పుడే వినడం. అయినా నేను దిగేవాణ్ని కాదు.

వంట సుంకమ్మ చేసేది. మా బావి ఎండిపోయి ఏళ్లయింది. ఊరి అవతలి కొసలో ఉన్న బోరు దగ్గర నుంచి ఆమె నాలుగు బిందెలు మోసుకొచ్చి, ఆ నీళ్లతోనే అంతా నెగ్గుకొచ్చేది. రాగి సంగటి, పప్పు, రోట్లో నూరిన ఊరుబిండి, పూర్ణం పెట్టిన ఓళిగలు. వచ్చినవాళ్లు ఓళిగలు ఇంకో రెండు అడిగితే ఆమె మొహం వెలిగిపోయేది.

నాలుగు యాత్రలు అట్లా గడిచాయి. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు.

ఐదోది మాఘమాసంలో ఒక శనివారం. బెంగుళూరు నుంచి ఒక జంట, పుణె నుంచి ఇద్దరు స్నేహితులు, మారిషస్ దీవి నుంచి వచ్చిన దంపతులు. ఆ దీవి ఆవిడకు అరవై దాటి ఉంటాయి. బడిలో పంతులమ్మగా చేసి విరమించిందట. ఆమె తాతల తాత ఓడెక్కి చెరకు తోటల్లో పనికి పోయినవాడు. ఆమెకు తెలుగు వచ్చు. కానీ అది పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. మనం పూజలప్పుడు కూడా అట్లా మాట్లాడం.

లేపాక్షి నుంచి వస్తుంటే ఆమె నా వెనక సీట్లో కూర్చుని తన దీవి సంగతులు చెప్పింది. వాళ్ల ఊరికీ ఇట్లాంటి వ్యాన్లు వస్తాయట. తెల్లవాళ్లు ఆరేడుగురు దిగుతారు. పొద్దున కొండమీది గుడి, తర్వాత చెరకు తోట, పాత మిల్లు, మధ్యాహ్నం వీళ్ల ఇంట్లో అరటాకు మీద భోజనం, సాయంత్రం సముద్రం. వాళ్లను గుమ్మంలో నిలబడి పిలిచేది ఈమే.

నేను అడగకుండా ఉండలేకపోయాను. "డబ్బు తీసుకుని అన్నం పెట్టడానికి మీకేమీ అనిపించదా?"

"ఏమి అనిపించవలెను?" అంది ఆమె. నిజంగానే అర్థం కాలేదు ఆమెకు. "వారు ఆకలిగా వచ్చెదరు. తిని, మా ఇంటిపేరు అడిగి పుస్తకంలో వ్రాసుకొని పోవుదురు. మా తాతగారి పేరు ఇప్పుడు ఎన్ని దేశములలో ఉన్నదో!"

కాసేపటికి అడిగింది, "మనము భోజనము చేయు ఇల్లు ఎవరిది?"

"ఒక పాత రెడ్డి కుటుంబానిది."

"వారిలో ఎవరైనా ఉన్నారా? నమస్కారము చేయవలెను."

"ఎవరూ మిగల్లేదు," అన్నాను.

మస్తాన్ అద్దంలోంచి నా వైపు చూశాడు. తర్వాత రోడ్డు వైపు చూశాడు.

ఇంటికి చేరేసరికి రెండు కావస్తోంది. ఎండ బాగా ఉంది. ఎప్పటిలాగే స్తంభాల గురించి చెప్పి మిద్దె ఎక్కాను. ఒక విషయం మాత్రం ఆ రోజు గమనించాను. పైన కూర్చున్న కొద్దిసేపటికి పెరటి వైపు నుంచి నీళ్ల చప్పుడు వినిపించింది. చెంబుతో ధారగా పోసిన నీళ్లు చేతుల మీద నుంచి రాతి మీద పడితే వచ్చే చప్పుడు. ఆగి ఆగి వచ్చింది. సుంకమ్మ ఏదో కడుగుతోందనుకున్నాను.

మూడు దాటాక కిందికి దిగాను. అందరూ వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నారు. దీవి పంతులమ్మ మాత్రం అరుగు దగ్గర నా కోసమే నిలబడి ఉంది.

"ఇది మీ ఇల్లని మాకు ఎందుకు చెప్పలేదు?"

మస్తాన్ నోరు జారాడనుకున్నాను. "ఎవరు చెప్పారు మీకు?"

"మీ నాయనగారు."

మా నాయన చనిపోయి మూడేళ్లయిందని చెప్పాను. ఎంత మామూలుగా చెప్పగలనో అంత మామూలుగా చెప్పాను. ఆమె భర్త వైపు చూసింది. ఆయనకు తెలుగు రాదు. ఆమె వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఆయన తన చొక్కా చేతి అంచు పట్టుకుని నాకు చూపించాడు. అది తడిసి ఉంది.

నేను ఆరుగురినీ అడిగాను. అరుగు మీది బకెట్టును ఎవరూ ముట్టుకోలేదు. వాళ్లు లోపలికి రాగానే పొడవాటి పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చాడట. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. నవ్వలేదు. తలతోనే పెరటి వైపు చూపించాడు. ఒక్కొక్కరినీ రాతిబండ మీద నిలబెట్టి ఇత్తడి చెంబుతో చేతులకు నీళ్లు పోశాడు. పుణె అబ్బాయి ఫోటో తీస్తానంటే వద్దని తల అడ్డంగా ఊపాడు. వీళ్లు లోపలికొచ్చి ఆకుల ముందు కూర్చున్నాక మళ్లీ కనిపించలేదు.

"ఏమైనా మాట్లాడాడా?" అని అడిగాను.

పంతులమ్మ కాస్త ఆలోచించి, డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. అవి ఆమె మాటలు కావు. అట్లాంటి తెలుగు ఆమె నోట పొద్దున్నుంచీ రాలేదు.

"'పొద్దన్నించీ మీ యెంట తిరుగుతాండేది నా కొడుకే. వానికి సిగ్గు. మీరేమీ అనుకోవద్దండి.' అట్లు చెప్పినారు. ఇంకొక మాట చెప్పినారు, అది నాకు తెలియలేదు. 'యెడమ చేత్తో పోస్తాండా, తప్పు పట్టొద్దమ్మా.' ఎడమ చేయి అయిన తప్పేమి?"

నేను అరుగు మీద కూర్చున్నాను. యాత్ర వాళ్ల ముందు నేను కూర్చోవడం అదే మొదలు.

చనిపోవడానికి ఆరేళ్ల ముందు మా నాయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కానీ ఒక సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ జబ్బు చేసిన మొదటి సంవత్సరం గార్లదిన్నె నుంచి దూరపు బంధువొకాయన వచ్చాడు. భోజనం వేళయింది. నాయన పెరట్లోకి పోయి చెంబు ఎడమ చేత్తో ఎత్తాడు. బంధువు వంగి చేతులు చాచాడు. నాయన చెంబు అట్లాగే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మాలో ఎడమ చేత్తో నీళ్లు పోస్తే మనిషిని అవమానించినట్టే. చివరికి చెంబు బండ మీద పెట్టి, ఒక్క మాట కూడా లేకుండా లోపలికి పోయాడు. బంధువు తినకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాయన బతికి ఉన్నంతకాలం ఆ ఇంట్లో బయటి మనిషి భోంచేయలేదు.

రెడ్డిగారింట్లో ఇప్పుడు పెట్టడానికి కూడా లేదని ఊళ్లో అనుకున్నారు. నాయన అననిచ్చాడు. అసలు కారణం నాకొక్కడికే తెలుసు. ఆ పూట నేను పెరటి తలుపు వెనక నిలబడి ఉన్నాను. బయటికొచ్చి ఆ చెంబు అందుకోవాలని నాకు తోచలేదు. తోచిందేమో, నాయన ఉండగా ఆ పని చేయడం ఆయన్ను ఇంకా కించపరచడమే అవుతుందనుకున్నాను. ఈ సంగతి నేను అక్కకు కూడా చెప్పలేదు.

వ్యాన్ పంపించేసి పెరట్లోకి పోయాను. రాతిబండ తడిగా ఉంది. నీళ్లు జారిన మేర మట్టి నల్లగా తడిసింది. వంటింట్లో సుంకమ్మ బిందెలు చూశాను. వంటకు ఒకటిన్నర పోను మిగతావి అట్లాగే ఉన్నాయి. వాళ్లు చెప్పిన ఇత్తడి చెంబు మా ఇంట్లో లేదు. నాయన కర్మలప్పుడు దానమిచ్చేశాను.

సుంకమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదంది. "పెరట్లో మాట వినపడ్న్యాది చిన్నరెడ్డీ. నువ్వే అనుకుంటి. ఈ పొద్దన్నా బుద్ధొచ్చి మనుషుల్తో మాట్లాడతాండాడులే అనుకుంటి."

"నా గొంతేనా?"

"నీదే. కొంచెం జలుబు చేసినట్ల ఉన్న్యాది."

సుంకమ్మ మా ఊళ్లో ఉన్న తన కొడుకునూ కోడలినీ చూడటానికి వచ్చి ఉండిపోయిన మనిషి. ఆమె వచ్చేసరికి నాయన లేడు.

మస్తాన్‌ను తర్వాతి యాత్రలో పక్కకు పిలిచి గట్టిగా అడిగాను. వాడు వ్యాన్‌లో నిద్రపోయానన్నాడు. "అల్లా మీద ఆన అన్నా, నేనేమీ చెప్పల్యా. నువ్వు చెప్పొద్దంటివి, నేను చెప్పల్యా. నాకేమొస్తాది చెప్పు?" చెప్పి ఉన్నా, ఎడమ చేతి మాట వాడు చెప్పలేడు.

ఎస్టీడీ బూత్ నుంచి అక్కకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. గార్లదిన్నె బంధువు సంగతితో సహా.

"లింగా, నువ్వు సరిగ్గా తింటాండావా?" అంది.

"తింటున్నాను."

"ఎవురితో కూచుని తింటాండావు?"

ఫోన్ పెట్టేశాను.

తర్వాతి యాత్ర రోజు నేను మిద్దె ఎక్కలేదు. వాళ్లను లోపలికి పంపి, పెరటి తలుపు వెనక నిలబడ్డాను. అప్పుడు నిలబడిన చోటే. ఆయన వస్తే చూడాలి. చూస్తే ఏం చేయాలో అనుకోలేదు. ఎవరూ రాలేదు. ఆరుగురూ అరుగు మీది బకెట్టు నీళ్లతో చేతులు కడుక్కుని, తిని, వెళ్లిపోయారు. రాతిబండ ఎండలో కాలుతూ ఉంది.

ఆ పై యాత్రకు మళ్లీ మిద్దె ఎక్కి కూర్చున్నాను. పదినిమిషాలకు ఆ చప్పుడు వచ్చింది. ఆగి ఆగి, ఆరుసార్లు. నేను లేచి మెట్ల దాకా వచ్చాను. దిగితే ఉండడని నాకు అప్పటికే తెలిసినట్టుంది. దిగలేదు. గోడకు చెయ్యి ఆనించి చప్పుడు ఆగిపోయేదాకా విన్నాను.

ఆ గుంపులో మద్రాసు నుంచి వచ్చిన ఒక డాక్టరు ఉన్నాడు. వెళ్లేముందు నన్ను పక్కకు తీసుకెళ్లి కాస్త కోపంగానే మాట్లాడాడు. పెరట్లో నీళ్లు పోసే ముసలాయనకు కుడి చెయ్యి పూర్తిగా పడిపోయిందని, నిలబడటానికే ఆయాసపడుతున్నాడని, చెంబు ఎత్తినప్పుడల్లా ఎడమ చెయ్యి వణుకుతోందని చెప్పాడు. "ఇంట్లో మనుషులు లేరా? ఆ స్థితిలో ఉన్న మనిషితో ఈ పని ఎందుకు చేయిస్తున్నారు?" అని అడిగాడు.

ఆయన వైద్యుడు. రోగిని చూసినట్టే చూశాడు. "ఇక చేయించం," అన్నాను.

ఆ తర్వాతి యాత్ర రోజున నేను గుమ్మంలో నిలబడ్డాను. వ్యాన్ దిగిన ఆరుగురికీ చెప్పాను, ఇది మా ఇల్లు, నేను వెంకటరామిరెడ్డి కొడుకును, ఓబిరెడ్డి మనవణ్ని, లోపలికి రండి అని. మస్తాన్ స్టీరింగు మీద తల ఆనించి వింటున్నాడు. ఏ ఎగతాళీ చేయలేదు.

వాళ్లను పెరట్లోకి తీసుకెళ్లి, స్టీలు చెంబుతో ఒక్కొక్కరికీ కుడి చేత్తో నీళ్లు పోశాను. నడుం వంచడం నాకు రాలేదు మొదట. రెండో మనిషి దగ్గర కాస్త వచ్చింది. నీళ్లు పోస్తున్నంతసేపూ నా చెవులు వెనక్కే ఉన్నాయి. అడుగుల చప్పుడు గానీ, ఒక దగ్గు గానీ వినపడుతుందేమోనని. ఏదీ వినపడలేదు. వాళ్లతో పాటు నేనూ ఆకు ముందు కూర్చుని తిన్నాను. సుంకమ్మ నాకు అడక్కుండానే రెండు ఓళిగలు వేసింది.

ఆ రోజు నుంచి ఆయన ఎవరికీ కనిపించలేదు. ప్రతి గుంపునూ అడిగాను. ఏ పెద్దమనిషి అని వాళ్లే నన్ను తిరిగి అడిగారు.

ఒకనాడు అందరూ వెళ్లిపోయి, సుంకమ్మ కూడా ఇంటికి పోయాక, నేను పోయి ఆ రాతిబండ మీద నిలబడ్డాను. ఇంకా పొద్దు ఉంది. అతిథి నిలబడే వైపు నిలబడి, కాస్త వంగి, రెండు చేతులూ చాచాను. ఎంతసేపు అట్లా ఉన్నానో చెప్పలేను. చేతులు నొప్పిపుట్టేదాకా ఉన్నాను. నా చేతులు పొడిగానే ఉన్నాయి.

పన్నెండు మంది పరాయివాళ్ల చేతుల మీద పడిన నీళ్లు నా చేతుల మీద ఒక్క చుక్క పడలేదు. వాళ్లలో చాలామంది పేర్లు కూడా నాకిప్పుడు గుర్తులేవు. వాళ్లు ఆయన్ను చూశారు, ఆయనతో మాట్లాడారు. నేను కొడుకును, మిద్దె మీద కూర్చుని చప్పుడు మాత్రం విన్నాను.

మళ్లీ ఒకసారి మిద్దె ఎక్కి కూర్చుంటే ఆయన వస్తాడేమో. ఈ ఆలోచన ఆ రోజుల్లో నాకు చాలాసార్లు వచ్చింది. ఒక శనివారం నాలుగో మెట్టుదాకా ఎక్కాను కూడా. డాక్టరు మాట గుర్తొచ్చి దిగి వచ్చి చెంబు పట్టుకున్నాను. ఆయన రావాలంటే ఆ వణికే ఎడమ చేత్తో ఆయనే పని చేయాలి. అట్లా పిలవడం నాకు చేతకాలేదు.

ఎండలు ముదిరాయి. ఊరి అవతలి బోరు కూడా ఎండింది. సుంకమ్మ నీళ్ల కోసం పక్క ఊరికి పోవాల్సి వచ్చింది. వానలు పడ్డాక మళ్లీ చూద్దామని బెంగుళూరు అమ్మాయి ఫోన్ చేసింది. ఉగాదికి అక్క వచ్చింది. నేను ఆమె చేతులకు నీళ్లు పోస్తే, ఇంటి ఆడపిల్లకు ఇదేమి కొత్త మర్యాద అని నవ్వబోయి, నవ్వలేదు. అన్నం తిన్నాక ఆమే అడిగింది.

"ఇంగో ఏడాది కావాల్నా లింగా? కావాలంటే చెప్పు. మీ బావకు నేను చెప్పుకుంటా."

ఆ మాట కోసమే నేను ఏడాదంతా తిరిగాను. వద్దన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. ఆ ఇంట్లో ఉన్నంతకాలం నేను మెట్లకూ పెరటికీ మధ్య నిలబడే ఉంటాను. ఒక వైపు పోతే ఆయనకు కష్టం, ఇంకో వైపు పోతే ఆయన ఉండడు.

ఇప్పుడు నేను అనంతపురంలో అక్కవాళ్ల వీధిలోనే ఒక గది అద్దెకు తీసుకుని, పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. జరిగినదాన్ని చాలా రకాలుగా పేర్చి చూశాను. ఎండలో వచ్చిన వాళ్ల భ్రమ అనుకుంటే చొక్కా ఎందుకు తడిసింది? ఎవరో చేసిన వేషం అనుకుంటే ఎడమ చేతి క్షమాపణ వాళ్లకెట్లా తెలిసింది? ఆ మద్రాసు డాక్టరుకు ఒకసారి ఉత్తరం రాశాను. తను చూసింది ఒక రోగినేనని, అందులో అనుమానం లేదని, ఇప్పుడెలా ఉన్నారని అడుగుతూ జవాబు రాశాడు. ఆ ఉత్తరానికి తిరిగి ఏం రాయాలో ఈ రోజుకీ తేల్చుకోలేదు.

ఇంటిని ధర్మవరం చీరల వ్యాపారి ఒకాయన కొన్నాడు. ఆయన అందులో ఉండలేదు. ఆ సంవత్సరమే పైకప్పు దించి, టేకు స్తంభాలు పదహారూ బెంగుళూరులో ఒక హోటలుకు అమ్మేశాడు, గోడల రాళ్లు రోడ్డు పనులకు ట్రాక్టర్లలో పోయాయి.